బియ్యం బస్తా, నూనె డబ్బా, బరువు మిషన్

(రాజమహేంద్రవరంలో ఉదయపు నడక మిత్రుల కోసం ఒక డైటీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నడక ముగించుకుని, ఇంకా టిఫిన్ కూడా చేయకుండా వచ్చి కూర్చున్నారు. అందుకే ఎక్కువసేపు తీసుకోను. మీలో చాలామందిని గోదావరి గట్టు మీద రోజూ చూస్తూనే ఉంటాను. నన్ను చూడగానే ఆగి అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "మేడమ్, నేను రోజుకు ఎన్ని కేలరీలు తినాలి?"

జవాబు చెప్పే ముందు, నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట నేను కొత్తగా చేరిన ఆసుపత్రిలో ఒక అచ్చు కాగితం ఉండేది. పైన "1200 కేలరీల ఆహార పట్టిక" అని రాసి ఉండేది. బరువు తగ్గాలని ఎవరొచ్చినా దాని జిరాక్స్ ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్ళం. ఒకరోజు నలభై ఏళ్ళ ఆవిడ వచ్చింది. 74 కిలోల బరువు, మోకాళ్ళ నొప్పులు. కాగితం ఇచ్చాను. మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. ముఖం పీక్కుపోయింది. "మీరు రాసిచ్చినట్టే తింటున్నానమ్మా. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు తిరుగుతున్నాయి. రెండుసార్లు పడిపోయాను" అంది. ఆవిడ కాగితం తీసి బల్ల మీద పెడుతుంటే అప్పుడు చూశాను చేతులు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి. కాగితం మడతల్లో కూడా మట్టే. ఏం పని చేస్తావమ్మా అని అప్పుడు అడిగాను. కడియం నర్సరీలో కూలి. పొద్దున్నుంచీ కవర్లలో మట్టి నింపడం, కుండీలు మోయడం, లారీలకు మొక్కలు ఎక్కించడం.

ఆ రాత్రి లెక్క వేసి చూసుకున్నాను. ఆవిడ ఏ పనీ చేయకుండా రోజంతా మంచం మీద పడుకుని ఉన్నా ఒంటికి 1,300 కేలరీలకు పైనే కావాలి. ఆ పని చేస్తే 2,400కు పైనే కావాలి. నేను ఇచ్చింది అందులో సగం కూడా లేదు. ఆవిడ ఏం పని చేస్తుందో తెలుసుకోకుండానే ఆవిడ పళ్ళెంలో అన్నం తీసేశాను. ఆ కాగితం మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ రోజు నుంచీ నా దగ్గరికి ఎవరొచ్చినా బరువు కంటే ముందు పని గురించే అడుగుతున్నాను.

అందుకే మీ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేను. కానీ మీ అంకె మీరు కనిపెట్టుకునే దారి చెప్పగలను. అది ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

మొదట మంచం మీద పడుకున్న లెక్క చూద్దాం. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. మెదడు, కాలేయం, మూత్రపిండాలు రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉండాలి. దీనికి అయ్యే ఖర్చునే బీఎంఆర్ అంటాం. కూర్చుని పనిచేసే మనిషి రోజు మొత్తం ఖర్చులో పెద్ద వాటా దీనిదే. దీన్ని అంచనా వేయడానికి 1919లో హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఒక సూత్రం ఇచ్చారు. 1990లో మిఫ్లిన్, సెయింట్ జియార్ బృందం ఇచ్చిన సూత్రం దానికంటే మెరుగు. ఇప్పుడు మేం ఎక్కువగా వాడేది అదే.

పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి. బరువును కిలోల్లో తీసుకుని 10తో గుణించండి. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని ఆరుంబావుతో, అంటే 6.25తో గుణించండి. రెండూ కలపండి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయండి. మగవాళ్ళయితే చివర 5 కలపండి. ఆడవాళ్ళయితే 161 తీసేయండి.

ఇక్కడున్న అక్కచెల్లెళ్ళలో చాలామందికి దగ్గరగా ఉండే కొలతలు తీసుకుంటాను. వయసు 45, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. బరువుకు 700. ఎత్తుకు 969. కలిపితే 1,669. వయసుకు 225 తీసేస్తే 1,444. అందులోంచి 161 పోతే 1,283. ఇది పడుకున్న ఖర్చు. దీన్ని పని బట్టి పెంచాలి. ఎక్కువసేపు కూర్చునే ఉద్యోగం, ఇంట్లో మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్, పనిమనిషి ఉంటే 1.4తో గుణించండి. రోజంతా నిలబడి తిరిగే పనైతే 1.7, 1.8. నర్సరీ కూలి, పొలం పని, తాపీ పని లాంటివైతే ఇంకా పైకి, 2 దాటి కూడా పోతుంది. మన 45 ఏళ్ళావిడకు 1.4 వేస్తే 1,796. అంటే ఉరమరగా 1,800.

ఇక్కడే మన నడక మిత్రులు ఒక పొరపాటు చేస్తారు. "నేను రోజూ గంట నడుస్తాను కదా, నాది మధ్యస్థ శ్రమ" అని ఏకంగా 1.7 వేసేసుకుంటారు. 70 కిలోల మనిషి గంటలో నాలుగున్నర కిలోమీటర్లు నడిస్తే, కూర్చుని ఉంటే అయ్యే ఖర్చు కంటే అదనంగా అయ్యేది 150 నుంచి 200 కేలరీలు. 1.4 ఉన్నచోట 1.5 వేసుకోండి, చాలు. నడక వల్ల షుగరు అదుపులో ఉంటుంది, బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఆ మేలు కోసం నడవండి, మానకండి. కానీ నడిచాను కదా అని ఇంటికెళ్ళి ఇంకో రెండు అట్లు వేసుకుంటే ఆ రెండొందలు అక్కడే అయిపోతాయి.

మరి ఈ 1,800 ఎంతవరకు నమ్మొచ్చు? హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనం ఎన్‌ఐఎన్ అంటాం. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయులకు ఏది ఎంత కావాలో లెక్క కట్టేది ఆ సంస్థే. 2020లో వాళ్ళు ఇచ్చిన అంకెల ప్రకారం, కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు, మధ్యస్థ శ్రమ చేస్తే 2,130, కఠిన శ్రమ చేస్తే 2,720. 65 కిలోల పురుషుడికి ఇవే వరసగా 2,110, 2,710, 3,470. చూడండి, ఒకే స్త్రీ, ఒకే బరువు. పని మారితే వెయ్యి కేలరీలకు పైగా తేడా. ఆ నర్సరీ ఆవిడ విషయంలో నేను పట్టించుకోని తేడా ఇదే. ఇవి పెద్దవాళ్ళకు వేసిన సగటు అంకెలు. గర్భిణులకు వీటిపైన 350, పాలిచ్చే తల్లులకు మొదటి ఆరు నెలలు 600 కలపాలి. వాళ్ళు బరువు తగ్గే ఆలోచన అప్పుడు పెట్టుకోకూడదు.

మిఫ్లిన్ సూత్రం అమెరికా వాళ్ళను కొలిచి తయారుచేసింది. మనవాళ్ళ బీఎంఆర్ అలాంటి సూత్రాలు చెప్పేదానికంటే కాస్త తక్కువగా ఉంటుందని మన శాస్త్రవేత్తలు చూశారు. ఆ సంగతి పక్కన పెట్టినా, సూత్రం ఎంత బాగున్నా పది శాతం అటూ ఇటూ అవుతుంది. 1,800లో పది శాతం అంటే 180. బరువు పెరగడానికీ తగ్గడానికీ ఆ 180 చాలు. కాబట్టి ఈ అంకెను పంచాంగం చూసి పెట్టిన ముహూర్తంలా పట్టుకోకండి. దాన్ని మొదటి అంచనాగా తీసుకోండి.

అయితే తిన్నదంతా రాసుకుంటే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. రాసుకోండి, మంచిదే. కానీ 1992లో న్యూయార్క్‌లో జరిగిన పరిశోధన ఒకటి చెబుతాను. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే పదిమందిని తీసుకున్నారు. వాళ్ళ ఒంట్లో నిజంగా అయ్యే ఖర్చును, ప్రత్యేకంగా తయారుచేసిన నీళ్ళు తాగించి, మూత్ర పరీక్షల ద్వారా లెక్క కట్టారు. ఇప్పటికి ఉన్నవాటిలో అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి అది. చివరికి తేలింది ఏమిటంటే, తిన్నదానిలో సగటున 47 శాతం వాళ్ళ రాతలో లేదు. చేసిన వ్యాయామాన్నేమో 51 శాతం ఎక్కువ చేసి చెప్పారు. వాళ్ళ మెటబాలిజంలో, అంటే ఒళ్ళు కేలరీలు ఖర్చుచేసే తీరులో, లోపమేమీ లేదు.

వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనుకోను. మన వంటింట్లో నిలబడి చూడండి. ఉప్పు సరిపోయిందో లేదో అని రెండు చెంచాల కూర. పిల్లాడు వదిలేసిన సగం పూరీ, పారేయడం ఇష్టంలేక. ఆవకాయ కలుపుకున్నప్పుడు పళ్ళెం అంచున చేరిన ఎర్రటి నూనె, దాన్ని చివరి ముద్దతో తుడిచి తినడం. వీటిని ఎవరు రాస్తారు? ఇల్లాలు ఆఖరున గిన్నెలు ఖాళీ చేస్తూ తినేదానికి అసలు లెక్కే లేదు.

అందుకని నేను మనుషుల్ని అడగడం తగ్గించి, డబ్బాల్ని అడగడం మొదలుపెట్టాను. మన అమ్మమ్మలు గిద్దతోనో సోలతోనో కొలిచి ఎసట్లో పోసేవారు. ఇంట్లో మనిషికి ఎంత పడుతుందో వాళ్ళ చేతికి తెలుసు. మనం అది పోగొట్టుకున్నాం, కానీ సరుకులు ఇప్పటికీ కొలిచే కొంటున్నాం.

ముందు నూనె. మీ ఇంట్లో నలుగురు ఉన్నారు, నెలకు అయిదు లీటర్ల డబ్బా అవుతుంది అనుకుందాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. అయిదు లీటర్లు అంటే 4,550 గ్రాములు. ముప్ఫై రోజులకు, నలుగురికి పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు. అంటే ఒక్క నూనె రూపంలోనే రోజుకు 340 కేలరీలు. ఇందులో నెయ్యి లేదు, బయట తిన్న బజ్జీలు లేవు, ఏడాదికి సరిపడా పెట్టుకున్న ఆవకాయ నూనె లేదు. 2024లో ఎన్‌ఐఎన్ ఇచ్చిన 2,000 కేలరీల రోజువారీ పళ్ళెంలో నూనె, నెయ్యి అంతా కలిపి 27 గ్రాములే. మూకుడులో మిగిలితే పారబోసే నూనె ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఇక బియ్యం. 25 కిలోల బస్తా మీద తెరిచిన తారీఖు పెన్నుతో రాయండి. ఖాళీ అయిన తారీఖు రాయండి. నలుగురికి 25 రోజులు వస్తే మనిషికి రోజుకు 250 గ్రాములు. పచ్చి బియ్యం వంద గ్రాములకు 350 కేలరీల చిల్లర, అంటే 890 దాకా. బియ్యాన్నే ఎందుకు కొలవాలంటే, అన్నంలో నీళ్ళు ఉంటాయి. పలుకుగా వండితే ఒక బరువు, మెత్తగా వండితే ఇంకో బరువు. బియ్యం బరువు మారదు. ఎన్‌ఐఎన్ పళ్ళెంలో బియ్యం, గోధుమ, జొన్న, రాగి అన్నీ కలిపి రోజుకు 250 గ్రాములు. మన ఇళ్ళలో అన్నంలోనే అది అయిపోయి, పైన ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, చపాతీ పిండి వేరే ఉంటాయి. పంచదార డబ్బా కూడా ఇలాగే చూడండి. రోజుకు నాలుగు టీలు, రెండేసి చెంచాలు అయితే 40 గ్రాములు, 160 కేలరీలు. ఇంట్లో అందరూ సమానంగా తినరు, నిజమే. ఆ సర్దుబాటు మీకు తెలిసినంతగా నాకు తెలియదు.

ఇప్పుడు బరువు మిషన్. నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పాలని వచ్చిన మాట ఇదే. మీరు మొత్తం ఎంత తింటున్నారో కచ్చితంగా తెలియకపోయినా ఫర్వాలేదు. ఎంత తేడా చేశారో తెలిస్తే చాలు. మూడు వారాలు మీరు ఎప్పుడూ తినేటట్టే తినండి. రోజూ పొద్దున్నే, బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందు, ఒకే మిషన్ మీద బరువు చూసి క్యాలెండర్లో ఆ తారీఖు గడిలోనే రాయండి. వారానికోసారి సగటు తీయండి. మూడు వారాల సగటూ ఒకేచోట ఉంటే, మీరు తింటున్నదే మీ అవసరం. అది 1,700 కావచ్చు, 1,950 కావచ్చు, ఏ సూత్రమూ చెప్పనంత సరిగ్గా మీ ఒళ్ళే చెప్పింది. ఇక అందులోంచి కొంత తీయడమే మన పని.

రోజువారీ అంకె చూసి టెన్షన్ పడకండి. రాత్రి పెళ్ళి భోజనం చేస్తే, మర్నాడు కిలో ఎక్కువ చూపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. ఆడవాళ్ళకు నెలసరి ముందు కూడా అంతే. అలాగే డైటింగ్ మొదలుపెట్టిన మొదటి వారం రెండు కిలోలు తగ్గితే సంబరపడకండి. ఒంట్లో నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దాన్ని పట్టుకున్న నీళ్ళు పోయాయి. కొవ్వు పోయింది కొంచెమే.

ఎంత తీయాలి? మన 45 ఏళ్ళావిడ ఇంట్లో చూద్దాం. నూనె 38 నుంచి 27 గ్రాములకు తెస్తే మనిషికి 100 కేలరీలు తగ్గుతాయి. అయిదు లీటర్ల డబ్బా బదులు మూడున్నర లీటర్లు కొనడమే. అన్నంలో ఒక హస్తం తక్కువ వేసుకుని ఆ చోటు కూరతో నింపితే ఇంకో 100. టీలో చెంచా చొప్పున తగ్గిస్తే 80. మొత్తం 280. ఇందులో పస్తు లేదు. పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కడా తగ్గించలేదు, తగ్గించకండి కూడా. అవి తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది.

దీనివల్ల ఎంత తగ్గుతారు? కిలో కొవ్వుకు 7,700 కేలరీలు అని ఒక పాత లెక్క ఉంది. ఆ లెక్కన ఏడాదికి 13 కిలోలు తగ్గాలి. తగ్గరు. ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ ఆ ఒంటిని మోయడానికి అయ్యే ఖర్చు కూడా తగ్గుతుంది. సూత్రంలోనే చూడండి, కిలోకు 10 చొప్పున పోతోంది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2011లో ఇంతకంటే నిజానికి దగ్గరగా ఉండే లెక్క ఇచ్చింది. రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం ఏడాదిలో, దాదాపు మిగతాదంతా మూడేళ్ళలో. మన 280కి ఆ లెక్కన చివరికి 11, 12 కిలోలు, మొదటి ఏడాదిలో ఆరు. అంటే నెలకు అర కిలో. ఈ మాట ముందే తెలిస్తే, మూడో నెలలో "నాకు పనిచేయడం లేదు" అని మానేయరు. 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు తగ్గినా షుగరు, బీపీ అంకెల్లో మేలు కనిపించడం మొదలవుతుంది.

ఎక్కువ తగ్గిస్తే త్వరగా అవుతుంది కదా అంటారు. 1944, 45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, రోజుకు 3,200 తినేవాళ్ళకు, ఆరు నెలలపాటు సుమారు 1,570 కేలరీలు ఇచ్చి చూశారు. వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. వాళ్ళు నాలుగో వంతు బరువు కోల్పోయారు. నీరసం, దిగులు, చలి, రోజంతా తిండి మీదే ధ్యాస. కూర్చుని పనిచేసే 55 కిలోల ఆవిడకు దాదాపు సరిపోయే అంకె, ఆ కుర్రాళ్ళకు పస్తు అయింది. పక్కింటివాళ్ళ డైట్ చార్టు ఫోన్‌లో ఫార్వర్డ్ చేయించుకునే ముందు ఇది గుర్తు చేసుకోండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(చేతి గడియారం చూపించే కేలరీల గురించి ఒకరు అడిగారు.)

అడుగుల లెక్కకు వాడుకోండి బాబూ. కేలరీలు మాత్రం నమ్మకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు రకాల పరికరాలను పరీక్షిస్తే, గుండె వేగం చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల్లో అన్నిటికంటే మెరుగైనదే 27 శాతం తప్పింది.

(నలభై దాటితే మెటబాలిజం పడిపోతుందా అని మరొకరు.)

అలాగే అనుకునేవాళ్ళం. 2021లో ఆరు వేల మందికి పైగా కొలతలతో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, 20 నుంచి 60 ఏళ్ళ దాకా ఖర్చు ఇంచుమించు నిలకడగానే ఉంది. అరవై తర్వాతే మెల్లగా తగ్గుతోంది. నలభైల్లో మారేది ఎక్కువగా మన కదలిక, మన తిండి.

(షుగరు మాత్రలు వేసుకునే ఒక సభ్యురాలు.)

మీరు అడగడం చాలా మంచిదైంది అక్కా. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళు తిండి తగ్గిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. ముందు మీ డాక్టరుకు చెప్పి మందు మోతాదు సరిచేయించుకోండి. బియ్యం లెక్క ఆ తర్వాత.

(వెనక వరసలోని పెద్దాయన, తన భార్యకు డెబ్బై రెండేళ్ళని, ఆరు నెలల్లో అయిదు కిలోలు తగ్గిందని, ఇంట్లో అందరూ మంచిదే అంటున్నారని చెప్పారు.)

బాబాయి గారూ, ఆవిడ తగ్గాలనుకుని తగ్గారా? లేదా? అయితే అది మంచిది కాదు. ఆ వయసులో అనుకోకుండా బరువు తగ్గితే కండ కూడా పోతుంది. పళ్ళు కదిలి నమలలేకపోతున్నారేమో, ఆకలి లేదేమో, థైరాయిడ్, షుగరు, లోపల ఇంకేదైనా ఉందేమో డాక్టరు చూడాలి. ఈ వారంలోనే తీసుకెళ్ళండి. ఈలోగా ఈ రోజు నేను చెప్పిన తగ్గింపులేవీ ఆవిడకు వర్తించవు. మెత్తటి పప్పన్నంలో నెయ్యి వేయండి, గుడ్డు తింటే పెట్టండి, పడుకునే ముందు గ్లాసు పాలు ఇవ్వండి. ఇంటికెళ్ళగానే ఆవిడను బరువు మిషన్ ఎక్కించి, తారీఖు వేసి రాసిపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది ఆ అంకెలే.